ఇంటికొచ్చాక మొదలయ్యే పని
(సమాఖ్య మహాసభలో ప్రసంగ పాఠం)



మమ్మల్ని చూడగానే "మేడమ్, ఏం మందు వాడాలి?" అని అడుగుతారు. మేము మందులు రాసేవాళ్లం కాదమ్మా, మానసిక వైద్యంలో పనిచేసే సోషల్ వర్కర్లం. ఎం.ఎస్.డబ్ల్యూ. చదివాం. కొందరం ఆపైన మరో రెండేళ్లు ఈ పనికే శిక్షణ తీసుకున్నాం. జబ్బేమిటో డాక్టరుగారు చూస్తారు. ఇంట్లో అన్నం ఎవరు పెడతారు, మాత్రలు ఎవరి చేతిలో ఉంటాయి, అప్పులేమున్నాయి అన్నవి మేము చూస్తాం.

ఆసుపత్రికి తీసుకురావడం కష్టమే. తిరిగి ఊళ్లో నిలబెట్టడం అంతకన్నా కష్టం.

ఒక సభ్యురాలికి కాన్పయ్యాక ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినిపించేవి. గాలి సోకిందని రెండు నెలలు తాయెత్తులతోనే గడిపారు. తర్వాత ఆసుపత్రిలో మందులు పడ్డాయి, మాటలు ఆగాయి. ఇంటికొచ్చేసరికి సంఘంలో పేరు కొట్టేసి ఉంది. ఆరు వాయిదాలు కట్టలేదట. సంఘాన్ని పూర్తిగా తప్పుపట్టలేం, ఒక్కరు ఆగితే బ్యాంకులో పదిమందికీ మాట పడుతుంది. కానీ ఆమె జబ్బుకు ఏడవలేదు, పొదుపు పుస్తకం పోయిందని ఏడ్చింది.

మేము ఆ సంఘం సమావేశాలకు మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి ఎవరూ నోరు విప్పలేదు. రెండోసారి ఒక పెద్దమ్మ, "కత్తిపీట ముందు కూర్చోబెడితే ఏమన్నా చేస్తదా?" అని అడిగేసింది. అందరి మనసులో ఉన్నది అదే, అడిగి మంచిపని చేసింది. ఈ జబ్బులున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరనీ, వాళ్లే ఇతరుల చేతిలో దెబ్బలు తింటుంటారనీ చెప్పాం. మూడోసారి తీర్మానం రాశారు: బాకీ చిన్న వాయిదాల్లో కట్టాలి, పొదుపు మళ్లీ మొదలుపెట్టాలి. రాత్రి మాత్రల మత్తుకు ఆమె పొద్దున్నే లేవలేకపోతోందని సమావేశాన్ని సాయంత్రానికి మార్చారు. ఆ మార్పు మేము అడగలేదు, వాళ్లకే తోచింది. ఆమె విస్తళ్లు కుట్టడం మొదట అరగంటతో మొదలుపెట్టింది. ఇప్పుడు పూటంతా కూర్చుంటోంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటివాళ్లను గొలుసులతో కట్టెయ్యకూడదు. ఇంటివాళ్లు రానివ్వడం లేదన్న ఒక్క కారణంతో ఆసుపత్రిలోనే ఉంచెయ్యనూ కూడదు. చట్టం బాగానే ఉంది, తలుపు తీసే చెయ్యి మాత్రం ఇంట్లోదే కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది కాబట్టి సదరం సర్టిఫికెట్టుకు అడగవచ్చు.

తగ్గింది కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరును అడిగే తగ్గించాలి. రాత్రివేళ భయమేస్తే, చచ్చిపోవాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, 2022లో మొదలైంది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

భోజనాలయ్యేదాకా మేము వెనక గదిలో ఉంటాం. పేర్లు రాసే రిజిస్టరేదీ పెట్టలేదు. ఒక్కరే వచ్చినా సరే, పక్కింటావిడ గురించి అడగడానికి వచ్చినా సరే.