మేడ ఎత్తు, నడిచే దారిలో గాలి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుగా ఉద్యోగం చేసినవాణ్ణి కనుక, నాకు తెలిసిన రెండు ముక్కలు చెబుతాను. హైదరాబాదులో పాత ఇళ్ళు తీసేసి ఇరవై, ముప్పై అంతస్తుల టవర్లు కడుతున్నారు. ఫ్లాటు ఎన్ని అడుగులు, లిఫ్టులెన్ని అని అందరం అడుగుతాం. కింద నడిచేవారికి గాలి ఎలా తగులుతుందని మాత్రం అడగం.

నేల మీద కంటే ఎత్తున గాలి వేగం ఎక్కువ. చుట్టూ చిన్న ఇళ్ళుండి మధ్యలో ఒక ఎత్తైన భవనం లేస్తే, పైగాలి దాని గోడకు కొట్టుకుని కొంత కిందికి దిగుతుంది. అక్కడ మూలలు తిరిగేటప్పుడు జోరందుకుంటుంది. రెండు టవర్ల నడుమ సందులోనూ, ముందూ వెనకా తెరిచి ఉన్న స్టిల్టు పార్కింగులోనూ ఇదే తంతు. గాలి వేగం రెట్టింపైతే మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఐదంతస్తుల ఇంటికి ఈ బెంగ అంతగా లేదు.

ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో 2007లో బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ అనే 112 మీటర్ల భవనం పూర్తయింది. 2011 మార్చిలో దాని పక్కన ఈదురుగాలికి ఒక లారీ పల్టీకొట్టి, నడిచి వెళుతున్న ఒకాయన మీద పడింది. ఆయన మరణించారు. ఆ తర్వాత గాలి ఉధృతంగా ఉన్న రోజుల్లో అక్కడి రోడ్డు మూసేవారు. చివరకు గాలిని మళ్ళించే పెద్ద పలకలు రోడ్డు పైన అమర్చారు.

సిటీ ఆఫ్ లండన్ పాలక సంస్థ 2019లో ఇందుకు మార్గదర్శకాలు తెచ్చింది. పాదచారుల భద్రతకు సెకనుకు 15 మీటర్ల గాలిని, అంటే గంటకు 54 కిలోమీటర్లను, హద్దుగా తీసుకుంది. మన ఐ.ఎస్. 875 మూడవ భాగం, 2015లో సవరించినది, భవనం గాలికి తట్టుకునేందుకు లెక్కలు చెబుతుంది. భవనం నిలవడం వేరు, దాని కింద మనిషి నిలవడం వేరు.

మన ఎండలకు గాలి కావాలి, కాదనను. దాన్ని మళ్ళించే ఉపాయాలున్నాయి. టవరు కింద వెడల్పాటి రెండు మూడంతస్తుల పీఠం, గుమ్మం పైన పందిరి, గుండ్రని మూలలు, చెట్లు. ఇవన్నీ ప్లాను దశలో సులువు, కట్టాక కష్టం.

మనలో చేతికర్ర సాయంతో నడిచేవారున్నారు. బిల్డరుతో ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, "గేటు మూల మీద పెట్టారా? నమూనాకు గాలి పరీక్ష చేయించారా?" అని అడగండి. పిల్లల చేత అడిగించండి.