దోషమును దిద్దుట, పాతవారిని కాపాడుట
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విద్యాదానము చేయుచున్న మన గ్రంథాలయపు రజతోత్సవమున నన్ను మాటలాడుమని కోరిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. బాల్యమున ఈ గదిలోనే చాపపై కూర్చుండి చదువుకొన్నవాడను. ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట నా జీవనోపాధి. ఆ వృత్తినిగూర్చి అందరికిని తెలియునట్లు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. గొప్పలు చెప్పుకొనుటకంటె, నేను చేసిన యొక తప్పును, దానిని దిద్దిన విధమును చెప్పుట మేలని తలంచితిని.

మా వృత్తిలోను లైబ్రరీ అను మాట కలదు. పలువురికి పలుమారులు కావలసిన పనిని ఒకరు ముందుగా వ్రాసి ఒకచోట నుంచినచో దానిని లైబ్రరీ యందురు. కావలసినవారు దానిని తీసికొని తమ ప్రోగ్రాములలో వాడుకొందురు. ఇచ్చట తీసికొన్న పుస్తకమును వాపసు చేయవలెను; అచ్చట చేయనక్కరలేదు. కాని వ్రాసినవానిని మాత్రము బాధ్యత విడువదు.

నేను వ్రాయు భాష పేరు పైథాన్. నెదర్లాండ్స్ దేశస్థుడగు గీడో వాన్ రోసమ్ దానిని 1989 చివర ఆరంభించి 1991లో లోకమునకు అందించెను. పేరు వినినవారు కొండచిలువ యనుకొందురు గాని, అది బ్రిటిషు టెలివిజనులోని యొక హాస్య కార్యక్రమము పేరునుండి వచ్చినది. ఇక సమాచారమును దాచుటకు డేటాబేసు కావలెను. అది గడులు గీసిన రిజిస్టరు వంటిది. అట్టివానిలో ఎస్‌క్యూలైట్ అనునది యొకటి. అమెరికావాడగు రిచర్డ్ హిప్ దానిని 2000 సంవత్సరమున వెలువరించెను. అనగా మన గ్రంథాలయమునకు ఇంచుమించు సమవయస్సు కలది. రిజిస్టరంతయు ఒక్క ఫైలులో ఇముడును. 2006 నుండి అది పైథాన్‌తో కలిసియే వచ్చుచున్నది. సమాచారమును చిరకాలము భద్రపరచుటకు తగిన రూపములలో నొకటిగా అమెరికా జాతీయ గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018 నాటికే దీనిని పేర్కొన్నది.

పైథాన్‌కును ఈ డేటాబేసుకును నడుమ నిలిచి, చందాదారుల పేర్లను వ్రాయుటకు, వెదకుటకు పనికివచ్చు చిన్న లైబ్రరీని నేను వ్రాసితిని. కొన్ని గ్రంథాలయములు దానిని ఉచితముగా తీసికొని వాడుకొనుచుండెను. ఒకనాడు వానిలో నొకదానినుండి నాకు జాబు వచ్చినది. అచ్చట పాత కంప్యూటరు చెడిపోగా క్రొత్తది కొని, ఫైలును దానిలోనికి మార్చిరట. మరునాడు ఎన్నో ఏండ్లుగా చందా కట్టుచున్న యొక వృద్ధురాలు పుస్తకముకొరకు వచ్చినది. ఆమె పేరు వెదకగా అట్టి చందాదారు లేరని కంప్యూటరు చెప్పినది. "బ్రతికియే యున్నాను గదా నాయనా, నా పేరెట్లు పోయినది?" అని ఆమె అడిగినదట. గ్రంథపాలకుడు చేయునది లేక ఆమెను క్రొత్తగా చేర్చుకొనెను. పిదప మొత్తము జాబితాను తెరచి చూడగా, ఆమె పేరు రెండుమారులు, అవే అక్షరములతో కనబడెను. పాత పేరు కంటికి కనబడును, వెదకినచో దొరకదు. పాతవారందరి గతియు అంతియే.

ఆ జాబు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణము వెదకగా తేలినదేమనగా:

పాత పైథాన్‌లో అక్షరములకును, కంప్యూటరు దాచుకొను బైట్లకును నడుమ స్పష్టమైన హద్దు లేదు. 'రామ' అను పేరును తీసికొనుడు. మన కంటికి రెండక్షరములు. యూనికోడ్ లెక్కలో ర, దీర్ఘము, మ అని మూడు సంకేతములు. వానిని యూటీఎఫ్-8 అను పద్ధతిలో దాచునపుడు ఒక్కొక్కదానికి మూడు చొప్పున తొమ్మిది బైట్లు పట్టును. ఆ పేరు పొడవెంత యని అడిగినచో, పాత పైథాన్ సామాన్యముగా తొమ్మిది యనును; క్రొత్తది మూడనును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటే చాలును గనుక ఈ తికమక ఇంగ్లీషువారికి అంతగా తెలియలేదు. తెలుగు వ్రాయువానికి వెంటనే తగులును. 2008 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3 అక్షరములను, బైట్లను వేర్వేరు జాతులుగా విడదీసినది. 2020 జనవరి 1తో పాత పైథాన్‌కు పోషణ ముగిసినది.

నా లైబ్రరీ పేర్లను ముందుగా బైట్లుగా మార్చి డేటాబేసుకు అప్పగించుచుండెను. పాత పైథాన్ వానిని అక్షరములుగానే వ్రాసినది. క్రొత్త పైథాన్ నా మాటను ఉన్నదున్నట్లు గ్రహించి వట్టి బైట్లుగా వ్రాసినది, బైట్లుగానే వెదకినది. ఎస్‌క్యూలైట్ దృష్టిలో అక్షరములు, బైట్లు రెండు వేర్వేరు జాతులు. లోపలి సరకు ఒక్కటియే యైనను అవి సమానములు కావు. అందుచేత పాతవారు దొరకలేదు. క్రొత్తవారు మాత్రమే దొరికిరి. తప్పు డేటాబేసుది కాదు, పైథాన్‌ది కాదు, నాది.

ఇక దిద్దుబాటు. మొట్టమొదట ఆ ఫైలుకు నకలు తీయించితిని. అసలు కాగితముపై కొట్టివేతలు చేయరాదని మన కరణములకు పూర్వమే తెలియును. తరువాత రెండు పేర్లతో చిన్న పరీక్ష వ్రాసి, అదే దోషమును నా యింట రప్పించితిని. దోషమును కంటియెదుట నిలుపలేనివాడు దానిని దిద్దితినని చెప్పరాదు. కారణము తెలిసిన పిమ్మట మార్చవలసినది ఒక్క పంక్తియే: పేరును ఎల్లప్పుడు అక్షరములుగానే అప్పగించవలెను.

అంతటితో తృప్తిపడినచో మరియొక అపకారము జరిగియుండును. పాతవారు తిరిగి దొరకుదురు. కాని యంత్రము మారిన పిదప చేరినవారి పేర్లు బైట్లుగా నున్నవి గదా, వారు మాయమగుదురు! కావున ఆ వరుసలను గూడ అక్షరములుగా మార్చితిని. రెండుమారులు పడిన పేర్లను యంత్రముచేత కలిపించుటకు మాత్రము సాహసింపలేదు. ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు ఇద్దరుండరా? తండ్రి పేరు, ఇంటి చిరునామా చూచి కలుపుమని గ్రంథపాలకునికే విడిచితిని. వృద్ధురాలికి ఆమె పాత నెంబరే దక్కినదని తరువాత జాబు వచ్చినది.

వేరొక చిక్కు మిగిలెను. కొన్ని గ్రంథాలయములలో ఇంకను పాత కంప్యూటరు, పాత పైథాన్ ఉండెను. క్రొత్త యంత్రము కొనలేనివాడు తప్పు చేసినవాడు కాడు. అందుచేత దిద్దిన లైబ్రరీని రెండు పైథాన్లపైనను పరీక్షించిన పిదపనే పంపితిని. ఎవరైన పాత అలవాటున బైట్లనే ఇచ్చినను స్వీకరించి, అక్షరములుగా మార్చుకొని, "ఇకముందు ఇట్లు ఇయ్యవలదు" అని హెచ్చరించునట్లు చేసితిని.

పెద్దలు నడచిన త్రోవయు ఇదియే. ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అను ప్రసిద్ధ పైథాన్ లైబ్రరీవారు 2023లో తమ 2.0 కూర్పునందు పెద్ద మార్పులు చేసిరి. అంతకుముందే 2021లో 1.4 కూర్పును విడుదల చేసి, ఏయే వాడుకలు పోనున్నవో కోరినవారికి హెచ్చరికల రూపమున తెలిపిరి. ఎస్‌క్యూలైట్‌వారిది వేరొక నీతి. వరుసను గుర్తించు ముఖ్యమైన గడి ఖాళీగా నుండరాదు. తొలినాటి పొరపాటువలన అనేక పట్టికలలో అట్లుండుటకు వీలు కలిగినది. అప్పటికే దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు చెడునని, వారు దానిని దిద్దక, ఆ సంగతిని తమ పత్రములలో బాహాటముగా వ్రాసియుంచిరి. ఏ దోషమును దిద్దవలెను, దేనిని చెప్పి యుంచవలెను అను వివేకమే మా పనిలో కష్టతరమైనది.

సోదరులారా! గడిలోని పేరు వట్టి పేరు కాదు; దాని వెనుక పుస్తకముకొరకు నడచివచ్చిన మనిషి కలదు. మన గ్రంథాలయమునకును కంప్యూటరు రావచ్చును, వచ్చినది మారవచ్చును. అపుడు రెండు పనులు మరువవలదని నా మనవి: ఫైలుకు నకలు తీసి వేరొకచోట దాచుడు, కాగితపు రిజిస్టరును పారవేయకుడు. మారిన మరునాడు మొట్టమొదట వెదకవలసినది క్రొత్త చందాదారు పేరు కాదు, అందరికంటె పాత చందాదారు పేరు. అది దొరకినచో మార్పు సక్రమమని నమ్మవచ్చును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, నేడు ఈ పుటలో నున్న ప్రతి చందాదారు పేరును వెదకినంతనే దొరకుగాక యని కోరుచున్నాను.