నిందలేని లెక్క

(సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసం విని ఇంటికి వెళ్ళిన తరువాత మనం ఏమి చేస్తాము? కాళ్ళు కడుక్కొని, "బాగా చెప్పారు" అని ఒక మాట అనుకొని, భోజనానికి కూర్చుంటాము. నేనూ అంతే. అలా ఊరుకోలేకపోయిన ఒక పెద్దమనిషిని గురించి, ఆయన ఊరిని గురించి ఈ సాయంకాలం మనవి చేయదలచాను.

ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో యాష్టన్ హేస్ అనే గ్రామమున్నది. జనాభా సుమారు వెయ్యి. ఆ ఊరి నివాసి గ్యారీ చార్నాక్ ఒక సాహిత్యోత్సవానికి వెళ్ళి, భూతాపాన్ని గురించిన ఉపన్యాసం విన్నారు. తిరిగివచ్చి ఊరివారి ముందు ఒక ప్రశ్న పెట్టారు. మన ఇళ్ళ నుండి గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువును మనమే తగ్గించుకోలేమా అని. 2006లో పని మొదలయింది. 2016 నాటికి ఆ ఊరి ఉద్గారాలు సుమారు 24 శాతం తగ్గాయి.

వారు చేసినవి వింటే మీకు నవ్వు రావచ్చు. బట్టలను యంత్రంలో ఆరబెట్టడం తగ్గించి తీగ మీద ఆరవేశారు! మన పెరళ్ళలో అమ్మమ్మల నాటి నుండి జరుగుతున్నదే కదా. అయితే అది చలి, వాన ఎక్కువగా ఉండే సీమ. అక్కడ తీగ మీద బట్టలు ఆరడానికి ఓపిక కావాలి. ఇంటి వెచ్చదనం బయటికి పోకుండా కిటికీల అద్దాలు బాగుచేసుకున్నారు. విమాన ప్రయాణాలు తగ్గించారు. కొందరు కప్పుల మీద సౌరఫలకాలు పెట్టించారు. చెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇళ్ళవారిని విచారించి లెక్కలు కట్టారు.

వీటన్నిటికంటె నా మనస్సుకు నాటుకున్నది వారు పెట్టుకున్న కట్టుబాటు. ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపరాదు. రాజకీయ నాయకులు సభకు వస్తే కూర్చుని వినవచ్చును గాని ప్రసంగించరాదు. (ఈ రెండవ నియమాన్ని మన సభలలో అమలుచేయడం ఎంత కష్టమో మీకు తెలుసు.)

అది ఎందుకు నాటుకున్నదో చెప్పాలంటే నా అపరాధం ఒకటి ఒప్పుకోవాలి.

2015 వేసవిలో నేను మా నివాస సముదాయానికి కార్యదర్శిని. విద్యుత్తు పొదుపు చేయిద్దామనే ఉత్సాహంతో ప్రతి ఇంటి బిల్లు అడిగి తీసుకొని, ఎక్కువ వాడినవారు పైన, తక్కువ వాడినవారు క్రింద వచ్చేటట్లు జాబితా వ్రాసి, లిఫ్టు ప్రక్కన అంటించాను. నా పేరు చివరి నుండి మూడవది. కొంత గర్వించాను కూడా.

జాబితాలో మొదటి ఇంటి కోడలు మరునాడు నా గుమ్మంలో నిలబడి, "అన్నయ్యగారూ, మా అత్తగారి ఊపిరిని కూడా యూనిట్లలో కొలుస్తారా?" అన్నది. ఆ వృద్ధురాలికి రాత్రింబవళ్ళు ప్రాణవాయువు అందించే యంత్రం పెట్టి ఉన్నదని నాకు తెలియదు. తెలుసుకోలేదు. గోడకు అవతలి ఇల్లే అది.

కాగితం చింపివేశాను. తరువాతి నెల ఒక్కరూ బిల్లు చూపలేదు. చూపమని అడిగే ముఖమూ నాకు లేదు. ఇంత జరుగుతున్నా, అందరికీ ఉమ్మడి అయిన మోటారు ప్రతి ఉదయం ట్యాంకు నిండిన తరువాత కూడా తిరుగుతూనే ఉన్నది. నీరు మేడ మీద నుండి వీధిలోకి కారుతూనే ఉన్నది. అది ఎవరి జాబితాలోనూ లేదు.

మరుసటి సంవత్సరం ఆ ఇంగ్లండు గ్రామ వృత్తాంతం చదివినప్పుడు, నేను తలక్రిందులుగా మొదలుపెట్టానని తెలిసింది. ఒకరి వంటింటిలోకి తొంగిచూడడానికి ముందు అందరి సొత్తును చూడవలసింది. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తుకు సగటున 700 గ్రాముల వరకు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మనకు వచ్చే కరెంటులో అధికభాగం బొగ్గు మండించి తీసినదే. రెండు అశ్వశక్తుల మోటారు వృథాగా గంట తిరిగితే కిలోకు పైగా వాయువు. కంటికి కనబడదు, కనుక బరువు లేనట్లు తోస్తుంది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగుతుంది. అది మండితే వచ్చే వాయువు రెండు కిలోలు దాటుతుంది. గాలిలోని ప్రాణవాయువు దానితో కూడడమే కారణం.

ఉమ్మడి మీటరు అంకెను మాత్రమే బోర్డు మీద వ్రాయడం మొదలుపెట్టాము. ఎవరి పేరూ లేదు. ట్యాంకు నిండగానే మోటారు తానే ఆగే ఏర్పాటు చేశాము. మెట్ల దీపాలు మార్చాము. అంకె తగ్గినప్పుడు ఎవరి గొప్పా కాదు, పెరిగినప్పుడు ఎవరి తప్పూ కాదు. అందరూ ఆగి చూసేవారు. 2024లో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకంలో నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సహాయమున్నదని తెలిసి సమావేశం పెట్టాము. వడియాలు ఎండబెట్టుకునే చోటు పోతుందని కొందరు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన అభ్యంతరమే, ఫలకాలను ఎత్తుగా బిగించవచ్చునా అనే చర్చ ఇంకా సాగుతున్నది.

ఆ అత్తగారు ఇప్పుడు లేరు. ఉమ్మడి మీటరు పుస్తకం ఆ కోడలి దగ్గరే ఉంటుంది. ప్రతి నెల మొదటి తేదీన అంకె చూసి వ్రాసుకొని, బోర్డు మీద సుద్దతో వేసేది ఆమే. నేను సుద్దముక్క అందిస్తాను.