మన అంగడి, మన గల్లాపెట్టె
(వార్షిక మహాసభలో మార్కెటింగ్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే విషయం గ్రామ సంఘాలన్నింటిలో చర్చకు వచ్చింది. అమ్మాలా వద్దా అన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. ఎక్కడ అమ్మాలి, డబ్బు ఏ దారిన రావాలి అన్న దగ్గరే తలా ఒక మాట అన్నారు. పెద్ద కంపెనీ యాప్‌లో పెడదామని కొందరు, సొంత వెబ్‌సైటు ఉండాలని కొందరు, వాట్సాప్ చాలదా అని కొందరు. మూడింటిలోనూ సబబు ఉంది. అందుకే కమిటీగా మేము తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం. చివర్లో తీర్మానం చేయాల్సింది మీరే.

దీన్ని ఇంత వివరంగా ఎందుకు చెప్పుకోవాలి? ఆవకాయ లెక్క మీకు తెలియంది కాదు. మామిడికాయ, కారం, ఆవపిండి, నూనె అన్నీ వేసవిలో ఒక్కసారే కొనాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడుగునా సాగుతుంది. ఆ పెట్టుబడి మనలో ఎవరో ఒకరు సంఘంలో అప్పు తీసి పెట్టిందే. వాయిదా నెలనెలా కట్టాలి. సీసా అమ్ముడైంది కానీ డబ్బు ఇంకా రాలేదు అంటే వాయిదా ఆగదు. కాబట్టి ఏ సేవ ఎంచుకుంటామనేది కంప్యూటర్ తెలిసిన పిల్లలు తేల్చే విషయం కాదు, మన అప్పుల పుస్తకానికి సంబంధించిన విషయం.

ముందు ఒక తేడా గుర్తు పెట్టుకుందాం. అంగడి వేరు, గల్లాపెట్టె వేరు. సరుకు చూపించి ఆర్డరు తీసుకునేది అంగడి. డబ్బు పుచ్చుకుని మన ఖాతాలో వేసేది గల్లాపెట్టె. కొన్ని కంపెనీలు రెండూ కలిపి ఇస్తాయి, కొన్ని విడివిడిగా ఇస్తాయి. కలిపి ఇచ్చినా సరే, మనం మాత్రం విడివిడిగానే లెక్క చూడాలి.

గల్లాపెట్టె సంగతి ముందు చూద్దాం.

మొదటి దారి క్యూఆర్ కోడ్. యూపీఐ మీద వ్యాపారి దగ్గర కోసుకునే ఎండీఆర్ అనే చార్జీ 2020 జనవరి నుంచి లేదు. వెయ్యి రూపాయల సరుకుకు వెయ్యీ వస్తుంది, అదీ వెంటనే. అయితే ఆ క్యూఆర్ ఎవరి పేరున ఉందన్నదే అసలు ప్రశ్న. ఒక లీడరు ఫోన్‌పే నంబరుకు డబ్బు వేయించుకుంటే, ఆమె ఎంత నిజాయితీపరురాలైనా, నెలాఖరుకి ఇంటి డబ్బు ఏది, సమాఖ్య డబ్బు ఏది అని విడదీయడం కష్టం. ఆ మాటలు పడాల్సింది కూడా ఆమే. అందుకని బ్యాంకులో సమాఖ్య పేరున ఉన్న కరెంటు ఖాతాకే వ్యాపార క్యూఆర్ తీసుకోవాలి. డబ్బు లోపలికి రావడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. బయటికి తీయడానికి మాత్రం ఎప్పటిలాగే ఉమ్మడి సంతకాలు ఉండాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కొన్నవాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకూడదు. స్క్రీన్‌షాట్‌ని ఎలాగైనా తయారు చేయవచ్చు. ఖాతాలో జమ అయిందో లేదో బుక్ కీపర్ చూసి చెప్పాకే పార్శిల్ కట్టాలి. రెండోది, డబ్బు రావడానికి పిన్ కొట్టనవసరం లేదు. ‘మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అన్నారంటే అది మోసమే. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండో దారి పేమెంట్ గేట్‌వే. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటివి ఈ పని చేస్తాయి. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఏదైనా తీసుకుంటాయి. ఏ ఆర్డరుకు ఏ డబ్బు వచ్చిందో వాటంతట అవే జత చేస్తాయి. దీనికి మామూలుగా రెండు శాతం దాకా తీసుకుంటారు. ఆ రుసుము మీద సాధారణంగా 18 శాతం జీఎస్టీ. నెట్ బ్యాంకింగ్‌లో వచ్చిన వెయ్యి రూపాయల ఆర్డరు మీద 20 రూపాయలు, దాని పన్ను 3 రూపాయల 60 పైసలు. మన చేతికి 976 రూపాయల 40 పైసలు. యూపీఐకి ఎండీఆర్ లేకపోయినా, గేట్‌వే తన సేవకు వేరే రుసుము అడగవచ్చు. ఆ మాట ముందే అడిగి రాయించుకోవాలి.

ఈ డబ్బు అప్పటికప్పుడు రాదు. మామూలుగా రెండు మూడు పనిదినాలు పడుతుంది. శని, ఆదివారాలు, పండగ సెలవులు వస్తే ఇంకాస్త జరుగుతుంది. కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చినా, గేట్‌వే తన రుసుము తిరిగి ఇవ్వకపోవచ్చు. ఇంకోటి ఉంది, చార్జ్‌బ్యాక్. ‘సరుకు నాకు అందలేదు’ అని కొన్నవాళ్లు తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు ఆపేస్తారు. అప్పుడు మన దగ్గర స్పీడ్‌పోస్ట్ రసీదు, ప్యాకింగ్ ఫొటో ఉండాలి. రసీదులన్నీ ఫైల్లో పెట్టడం ఎందుకని విసుక్కోవద్దు, అవే మనకు సాక్ష్యం.

ఎవరో కొత్త కంపెనీ వచ్చి రుసుము సగమే అంటే వెంటనే మొగ్గొద్దు. కొన్నవాళ్ల డబ్బును కొంతకాలం తమ దగ్గర పెట్టుకుని మనకిచ్చే ఇలాంటి సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020లో నియమాలు పెట్టింది. ఆ డబ్బును బ్యాంకులో ఎస్క్రో అనే ప్రత్యేక ఖాతాలోనే ఉంచాలి. అనుమతి ఉన్న సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంటుంది. అందులో పేరు లేనివాళ్లతో మనకు పని లేదు.

మూడో దారి సరుకు అందాక డబ్బు, అంటే క్యాష్ ఆన్ డెలివరీ. కొనేవాళ్లకు ఇది నమ్మకం. మనకు మాత్రం, వద్దన్న పార్శిల్ తిరిగి వస్తే రానుపోను రవాణా మన నెత్తిన పడుతుంది. చీర తిరిగొస్తే మడత పెట్టి మళ్లీ అమ్మవచ్చు. దారిలో నూనె కారిన పచ్చడి సీసాని ఎవరికి అమ్ముతాం? తినే సరుకుకు ఈ పద్ధతి వద్దని మా సలహా.

ఇక అంగడి సంగతి.

వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకోవడానికి ఖర్చు లేదు. ఫొటో, ధర, తూకం పెడితే చాలు. ఆర్డర్లు తక్కువగా ఉన్నప్పుడు ఇది బాగా నడుస్తుంది. ఎక్కువైతే ఎవరు ఎంత అడిగారో, ఎవరికి పంపామో చేత్తో రాసుకోవడం తలనొప్పి అవుతుంది.

పెద్ద కంపెనీ యాప్ అంటే తిరునాళ్లలో కొట్టు పెట్టినట్టు. జనం ఉంటారు, అద్దె కూడా గట్టిగానే ఉంటుంది. సరుకును బట్టి కమీషన్ మారుతుంది. 15 శాతం అనుకుందాం. వెయ్యి మీద 150, దాని పన్ను 27, మొత్తం 177 పోయి 823 మిగులుతుంది. రవాణా, ప్యాకింగ్ ఇంకా తీయలేదు. పైగా కొన్నవాళ్లు కంపెనీకి తెలుస్తారు గానీ మనకు తెలియరు. రేపు మాగాయ పెట్టామని వాళ్లకు చెప్పే దారి ఉండదు. మనలాంటి సంఘాల సరుకు కోసం కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ-సరస్ అనే ఆన్‌లైన్ అంగడి నడుపుతోంది. సరస్ మేళాలకు వెళ్లినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. యాప్‌లకు పోవాలంటే ముందు అక్కడ అడుగుదాం.

అద్దె అంగడి మరో రకం. షాపిఫై లాంటివి నెలకింత అని తీసుకుని తయారుగా ఉన్న దుకాణం ఇస్తాయి. నెలకు రెండు వేలు అనుకుందాం. నెలకు 20 ఆర్డర్లు వస్తే ఒక్కో ఆర్డరు మీద వంద రూపాయల భారం. 200 ఆర్డర్లు వస్తే పది రూపాయలే. అదే అద్దె, అదే దుకాణం. అందుకని ఆర్డర్లు రాకముందే అద్దెకు దిగడం తొందరపాటు. బయటి గేట్‌వే పెట్టుకుంటే ప్రతి అమ్మకం మీద అదనంగా ఇంకో శాతం తీసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి, అదీ అడగాలి.

వూకామర్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా కట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ, వెబ్‌సైటు పేరుకు, దాన్ని నిలిపే సర్వర్‌కు ఏటా డబ్బు కట్టాలి. చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి. కుర్రాడు కట్టి ఇచ్చి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతే ఎవరు చూస్తారన్నది ఇప్పుడే అనుకోవాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెబుతున్నాం. వెబ్‌సైటు పేరు, గేట్‌వే ఖాతా, వాట్సాప్ నంబరు, ఈమెయిల్ అన్నీ సమాఖ్య పేరున, సమాఖ్య సిమ్ మీదే ఉండాలి. కట్టిచ్చిన మనిషి పేరున వద్దు, అధ్యక్షురాలి పేరున కూడా వద్దు. లీడర్లు మారుతుంటారు, సమాఖ్య ఉంటుంది. బీరువా తాళాలు ఒకరి నుంచి ఒకరికి ఎలా అప్పగిస్తామో, పాస్‌వర్డులు కూడా మినిట్స్ పుస్తకంలో ‘అప్పగించాం’ అని రాసి అలాగే అప్పగించాలి. పాస్‌వర్డును మాత్రం ఆ పుస్తకంలో రాయొద్దు.

కాగితాల మాట. గేట్‌వే వాళ్లు పాన్, బ్యాంకు వివరాలు, రిజిస్ట్రేషన్ పత్రం అడుగుతారు. మన సమాఖ్య 1995 మాక్స్ చట్టం కింద రిజిస్టరైంది కాబట్టి ఆ పత్రం మనకుంది. తినే సరుకుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు తప్పనిసరి. జీఎస్టీ విషయంలో, మన రాష్ట్రంలోపలే సొంతంగా సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలు. కానీ పచ్చడి సీసా ఒక్కటి రాష్ట్రం దాటినా, బెంగళూరుకైనా హైదరాబాద్‌కైనా, ముందు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇతరుల యాప్‌లో రాష్ట్రంలోపల మాత్రమే అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు నుంచి సడలింపు ఉంది. దానికి కూడా ఒక నమోదు నంబరు తీసుకోవాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపమంటున్నారు, నిజమే. ఎగుమతికి ఐఈసీ నంబరు కావాలి, ఆ దేశపు ఆహార నియమాలు వేరు, విదేశీ కార్డులకు రుసుము కూడా ఎక్కువ. అది తర్వాత చూద్దాం.

ఎవరు వచ్చి ఏ సేవ అమ్మజూపినా అయిదు ప్రశ్నలు అడగండి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఎన్నో రోజున పడుతుంది? వెయ్యికి అన్నీ పోను ఎంత మిగులుతుంది? సరుకు తిరిగొస్తే నష్టం ఎవరిది? రేపు మేము వద్దనుకుంటే మా పేరు, మా కొనుగోలుదారుల జాబితా మాతో తీసుకెళ్లగలమా? అయిదింటికీ కాగితం మీద జవాబు ఇవ్వనివాళ్లకు టీ ఇచ్చి పంపించేయండి.

కమిటీ ప్రతిపాదన ఇది. మొదటి ఆరు నెలలు వాట్సాప్ క్యాటలాగ్, సమాఖ్య క్యూఆర్‌తో, రాష్ట్రంలోపలే అమ్ముదాం. ఆ ఆరు నెలల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ పూర్తి చేసి, గేట్‌వేకి దరఖాస్తు పెడదాం. నెలకు వంద ఆర్డర్లు నిలకడగా మూడు నెలలు వస్తే అప్పుడు అద్దె అంగడి తీసుకుందాం. గేట్‌వే డబ్బు రావడం ఆలస్యమైనా, పచ్చడి పెట్టిన సభ్యురాలికి సరుకు అమ్మిన ఏడు రోజుల్లో డబ్బు అందేలా సమాఖ్య నిధి నుంచి కొంత మొత్తం విడిగా ఉంచుదాం. ఈ చివరి మాట తీర్మానంలో మొదటి వాక్యంగా రాయాలని మా కోరిక. అంగడి ఏదైనా కావచ్చు, సీసా నింపిన చేతికి డబ్బు ఎప్పుడు అందుతుందన్నదే మన లెక్క.

అక్కలారా, కాపీలు మీ గ్రామ సంఘాల లీడర్ల దగ్గర ఉన్నాయి. చదివి, అడగాల్సింది అడిగి, ఆ తర్వాతే చేయి ఎత్తండి.