ఠాణాకూ మొహల్లాకూ మధ్య
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం కూడా చదువుల గురించో, ఆడపిల్లల పెళ్లిఖర్చుల గురించో మాట్లాడమంటారనుకున్నాను. సెక్రటరీగారు మాత్రం పోలీసుల గురించి మాట్లాడమన్నారు. ఇంట్లో చెబితే, "మీకెందుకండీ ఆ గొడవ?" అన్నారు. మన మొహల్లాల్లో ఠాణా పేరెత్తితే ముందు వినిపించే మాట అదే గదా!

నేను పోలీసు శాఖలో పనిచేసినవాణ్ణి కాను, వకీలునూ కాను. ముప్పై యేళ్లు కోర్టు ఆఫీసులో కాగితాలు సర్దినవాణ్ణి. ఆ కాగితాల మధ్య నాకు తెలిసివచ్చిన సంగతి ఒక్కటే. పోలీసుకూ ప్రజకూ మధ్య సంబంధం సభల్లో పూలదండలు వేసుకున్నప్పుడు తేలేది కాదు. ఠాణాలో మొదటి బల్ల దగ్గర ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అన్నదాని మీద అది తేలుతుంది.

హైదరాబాదులో పాతకాలంవాళ్లు ఎస్.ఐ.ని అమీన్ సాబ్ అనేవారు. నగరానికి పెద్ద అధికారి కొత్వాలు. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో వున్న రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి పేరు నేటికీ గౌరవంతో చెప్పుకుంటారు. నిజాం కాలంలో చేసిన నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ నాటిది, నేటికీ హైదరాబాదులో అమలులో వుంది. ఫస్లీ లెక్క ఏమిటో మన పిల్లలకు తెలియదు గాని, ఆ చట్టం మాత్రం వాళ్ల మీద నడుస్తూనే వుంది. బయట బ్రిటిషు ఇండియాలోనేమో, 1857 తిరుగుబాటు చూసి భయపడిన దొరలు 1861లో పోలీసు చట్టం తెచ్చారు. జనాన్ని అదుపులో పెట్టడమే దాని ముఖ్యోద్దేశం. లాఠీ పుట్టింది అక్కడ. మనం ఆ సంగతి మరిచిపోయి, ఫలానా అధికారి మంచివాడు, ఫలానావాడు చెడ్డవాడు అని మాత్రమే చూస్తాం.

ఇక చేదు సంగతులు. చెప్పకుండా దాటెయ్యడం నాకు చేతకాదు. 1978 మార్చిలో నల్లకుంట ఠాణాలో రమీజాబీ అనే పేదరాలి మీద పోలీసులే అత్యాచారం చేశారు. రిక్షా తొక్కుకునే ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరమంతా అట్టుడికింది. కర్ఫ్యూలు, కాల్పులు జరిగాయి. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే దోషమని తేల్చింది. కాని కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది, అక్కడ 1981లో నిందితులను వదిలేశారు. ఆనాడు వీధిలోకి వచ్చినవాళ్లు ఒక్క మతంవాళ్లు కారు. ఇది మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. కస్టడీలో వున్న స్త్రీకి రక్షణగా 1983లో చట్టం మారిందంటే, మథుర కేసుతోపాటు ఇటువంటి కేసుల మీద జనం చేసిన ఆందోళనలే కారణం.

రెండవది మీ అందరికీ గుర్తున్నదే. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరో 5గురు పోయారు. ఆపైన మన పిల్లల్ని పట్టుకుపోయారు. ఎక్కడ వుంచారో రోజుల తరబడి తెలియలేదని కుటుంబాలు మొరపెట్టుకున్నాయి. రాష్ట్ర మైనారిటీ కమిషన్ పంపిన అడ్వొకేటు జైల్లో వాళ్లను చూసి, హింసించిన ఆనవాళ్లున్నాయని నివేదిక ఇచ్చారు. కేసులు కోర్టుల్లో నిలవలేదు. 2012లో ప్రభుత్వం కొందరికి 3 లక్షల చొప్పున పరిహారం ఇచ్చింది, మంచి నడవడి కలవాళ్లని సర్టిఫికెట్లూ ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు అన్నది. డబ్బు సంగతి అలా వుంచండి. ఏ తప్పూ చేయని కుర్రవాడు తాను మంచివాడినని సర్కారు చేత రాయించుకుని జేబులో పెట్టుకు తిరగవలసి రావడం ఎంత అవమానం!

ఇవి విన్న తర్వాత, పోలీసు గడప తొక్కనే వద్దు అనిపించడం సహజం. కాని తొక్కకపోతే ఏమవుతున్నది? మధ్యలో పైరవీకారు తయారవుతున్నాడు. సైకిలు పోయినా, కూతుర్ని అత్తవారు కొట్టినా, "అమీన్ సాబ్ నాకు తెలుసు" అనేవాడి దగ్గరకు పరుగెత్తుతాం. వాడు మన దగ్గర తీసుకుంటాడు, అక్కడ కొంత ఇస్తాడు, కాగితం మాత్రం పుట్టదు. ఆరు నెలల తర్వాత కోర్టుకు వస్తే చేతిలో ఏమీ వుండదు. ఇటువంటి ఖాళీ చేతులు నేను ఎన్నో చూశాను. పోలీసు రాయలేదని నిందిస్తాం, సరే. మనం రాసి ఇచ్చామా?

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో కొత్త నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పేరు నోరు తిరగదు గాని అందులో మనకు పనికివచ్చేవి వున్నాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. "అది మా హద్దు కాదు" అని తిప్పి పంపరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. పోలీసులు నేరుగా కేసు చేపట్టదగిన నేరమైతే నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపండి, రసీదు దాచండి. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు వున్నారు. ఠాణాల్లో కెమెరాలు వుండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది, రికార్డు కనీసం ఏడాది దాచాలన్నది. ఇవన్నీ మన ఇంట్లో ఒక్కరికైనా నోటికి రావాలి.

అరెస్టు సంగతి ఇంకా ముఖ్యం. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, అరెస్టు చేసేటప్పుడు అక్కడికక్కడే తేదీ, టైముతో ఒక కాగితం రాయాలి. దాని మీద ఇంటివారో, ఆ ప్రాంతపు గౌరవనీయుడైన ఒక వ్యక్తో సాక్షి సంతకం చేయాలి. ఇంటివాళ్లకో, దగ్గరివాళ్లకో కబురు చెయ్యాలి. ప్రయాణం టైము పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. స్త్రీని సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారకముందు అరెస్టు చేయరాదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతి కావాలి, మహిళా పోలీసే చేయాలి.

గౌరవనీయుడైన వ్యక్తి అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. కోర్టు మన కోసం ఒక కుర్చీ వేసి పెట్టింది, దాంట్లో మనం కూర్చోలేదు. అర్ధరాత్రి రెండు గంటలకు ఎవరి అబ్బాయినో జీపెక్కిస్తుంటే మన తలుపులు మూసుకుంటున్నాయి. తెల్లారి మాత్రం చాయ్ కొట్టు దగ్గర అందరమూ వకీళ్లమే.

అటువైపు మాట కూడా చెప్పాలి. గణేశ్ నిమజ్జనం, మిలాద్, మొహర్రంలో బీబీకా అలావా ఊరేగింపు, బోనాలు, అన్నిటికీ బందోబస్తు అదే కానిస్టేబులు. పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడి, సరైన భోజనం లేక, ఇంట్లో పిల్లవాడికి జ్వరమైనా సెలవు దొరక్క వుంటాడు. మన కుర్రకారు ఒక బండి మీద ముగ్గురెక్కి అతని ముందు నుంచే కూత పెట్టుకుంటూ పోతారు. రాత్రి ఒంటిగంటకు చబుత్రాల మీద కూర్చుంటారు. చబుత్రా మీద కూర్చోవడం నేరం కాదు, దానికి ఠాణాకు తీసుకుపోవడం నాకు నచ్చలేదు. కాని అర్ధరాత్రి మన పిల్లవాడు ఎక్కడున్నాడో ముందు మనకు తెలియాలా, పోలీసుకు తెలియాలా?

పండుగకు ముందు శాంతి కమిటీలో చాయ్ తాగి, ఫోటో దిగి వచ్చేస్తాం. పని లేనప్పుడు వెళ్లి కలిసిన పరిచయమే పని పడినప్పుడు అక్కరకొస్తుంది. మన పిల్లలు ఆ ఖాకీ వేసుకోవడం కూడా అవసరమే. ముస్లింలు ఎక్కువగా వున్న ప్రాంతాల ఠాణాల్లో ముస్లిం అధికారి ఒకరైనా వుంటే మేలన్న ఆలోచన 2006 నాటి సచార్ కమిటీ నివేదికలోనే వుంది. 2007 నుంచి బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వున్నది. ఇంటర్ పాసైనవాడు కానిస్టేబులు పరీక్ష రాయవచ్చు. పరుగు పందెం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. పొద్దున్నే లేస్తే గదా! కోచింగు గురించి కార్యవర్గం ఆలోచించాలి.

చివరగా నా ప్రతిపాదన. రాత్రివేళ ఫోను చేస్తే ఠాణాకు రాగల పదిమంది పేర్లు కావాలి. వాళ్లలో ఇద్దరైనా స్త్రీలు వుండాలి. గొడవకు కాదు, పైరవీకి అసలే కాదు. కాగితం రాశారా అని అడిగి, చదివి, సంతకం చేసి రావడానికి. ఆ జాబితా మనమే తీసుకువెళ్లి ఇన్‌స్పెక్టరుగారికి ఇద్దాం. బయట బల్ల మీద రిజిస్టరు పెట్టించాను. మొదటి పేరు నాది రాశాను. మోకాళ్ల నొప్పులున్నాయి గనుక ఆటో వున్నవారెవరైనా రెండో పేరు రాస్తే బాగుంటుంది.