నొప్పి లేదు కదా అని ఎనిమిదేళ్లు లెన్స్ పెట్టుకున్నా

బీటెక్ సెకండియర్‌లో కళ్లద్దాలు పక్కన పెట్టి సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ మొదలుపెట్టా. తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకి 16 గంటలు కంట్లో అవే. ఒక్కోసారి వాటితోనే నిద్ర. నొప్పి లేదు, మంట లేదు.

8 ఏళ్లయ్యాక పవర్ చెక్ చేయించుకుందామని వెళ్తే, డాక్టర్ గారు నా కన్ను ఫొటో తీసి చూపించారు. నల్లగుడ్డు అంచు దాటి సన్నటి ఎర్ర గీతలు లోపలికి పాకుతున్నాయి. అవి రక్తనాళాలు!

మామూలుగా కార్నియాలో రక్తనాళాలు ఉండవు. అందుకే అది అద్దంలా ఉంటుంది. దానికి ఆక్సిజన్ ఎక్కువగా బయటి గాలి నుంచే, కన్నీటి ద్వారా అందుతుంది. మధ్యలో లెన్స్ అడ్డం. నిద్రలో రెప్ప కూడా అడ్డమే. ఏళ్ల తరబడి గాలి చాలకపోతే పక్క నుంచి కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి మధ్యదాకా వస్తే చూపుకే దెబ్బ.

కొన్ని నెలలు లెన్స్ మానేశా. ఎరుపు తగ్గింది, గీతల జాడ మాత్రం పోలేదు. ఇప్పుడు ఆక్సిజన్ బాగా వెళ్లే సిలికాన్ హైడ్రోజెల్ లెన్స్, అదీ కొన్ని గంటలే.

మీరూ పడుకునే ముందు తీసేయండి. కుళాయి నీళ్లతో కడగొద్దు. ఏడాదికోసారి డాక్టర్‌కి చూపించండి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, నాకైతే రానే లేదు.