దుబాయ్ గడియారం, మన గడియారం



నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో దుబాయ్ పోయినవాళ్లు వాడవాడకూ ఉన్నారు. "మీ ఆయన ఉండే ఊరు ఎంత దూరం?" అంటే చాలామంది "సముద్రం అవతల" అంటారు. నిజమే. లెక్క కూడా వినండి.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దుబాయ్‌కి నేరుగా సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు మెల్లగా పోతుంది. మొత్తం సుమారు నాలుగు గంటలు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వచ్చినంత సేపే! తిరిగి వచ్చేటప్పుడు మూడున్నర గంటలే. పైన గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. వడ్లు తూర్పారబట్టే ఆడవాళ్లకు గాలివాటం సంగతి వేరే చెప్పాలా?

తిరకాసు అంతా టికెట్టు మీద ఉంది. ఏ ఊరి దగ్గర ఆ ఊరి టైమే వేస్తారు. సూర్యుడు మనకు ముందు పొడుస్తాడు. అందుకే మన గడియారం దుబాయ్ గడియారం కంటే గంటన్నర ముందుంటుంది.

దుబాయ్‌లో 10వ తేదీ రాత్రి 10 గంటలకు విమానం లేచిందనుకోండి. అప్పుడు మన ఇంట్లో రాత్రి పదకొండున్నర. దానికి మూడున్నర గంటలు కలపండి. తెల్లవారుజామున 3 గంటలు. తేదీ మారింది, 11!

"పదో తేదీన వస్తున్నా" అన్న మాట విని, పదో తేదీ తెల్లవారకముందే కారు మాట్లాడుకుని పోతే ఏమవుతుంది? ఒక పగలు, ఒక రాత్రి పడిగాపులు. పిల్లలకు ఆకలి. కారు కిరాయి రెండింతలు.

"ఎప్పుడు ఎక్కుతావు" అని కాదు, "శంషాబాద్‌లో ఏ తేదీన, ఎన్నింటికి దిగుతావు" అని అడగండి. టికెట్టు ఫోన్లో పంపితే, దిగే తేదీ మీరే చదువుకోండి.